ఆ పేజీ చింపకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. జర్నల్ రాసుకుందామని తీసిన కొత్త నోటుబుక్కులో మొదటి పేజీ బాగా రాలేదని చింపేశావు, రెండోదీ అంతే. ఇప్పుడు పుస్తకం తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. పోయిన ఆ రెండు పేజీల గురించే నా బాధ.

జర్నల్ ఫెయిర్ కాపీ కాదు. ఆలోచన ఇంకా తేలకముందే దాన్ని కాగితం మీద పెట్టుకునే చోటు. 1837లో డార్విన్ తన నోటుబుక్కులో ఒక పేజీ పైన 'నేననుకోవడం' అని రాసి, కింద వంకరటింకర కొమ్మలతో ఒక చెట్టు గీశాడు. కొన్ని కొమ్మల చివర అడ్డగీతలు, కొన్నిటి దగ్గర అక్షరాలు, చుట్టూ ఇరుకిరుగ్గా రాత. జీవులన్నీ ఒకే మూలం నుంచి కొమ్మలుగా చీలాయన్న ఊహ అది. పుస్తకంగా లోకం ముందుకు వచ్చింది 1859లో. బొమ్మ కుదిరేదాకా ఆగుదామనుకుంటే ఆ ఊహ ఆ రోజు కాగితం మీదికి వచ్చేదే కాదు.

మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు, మనసును కలచివేసిన సంగతులు రాయించాడు. ఆ పద్ధతిలో చెప్పే మాట ఒకటుంది: స్పెల్లింగు, వ్యాకరణం పట్టించుకోవద్దు, రాత ఆపొద్దు. నువ్వూ టైమర్ పెట్టుకుని రాసి చూడు, 10 నిమిషాలైనా చాలు.

కొట్టెయ్యాలనిపిస్తే ఒకే గీతతో కొట్టెయ్, కింది మాట కనబడాలి. చాలాసార్లు ముందు రాసిన మాటే నిజం, తర్వాతది మర్యాద కోసం పెట్టింది. మాట దొరకకపోతే బొమ్మ గియ్యి. ఎక్కడో చెవిన పడ్డ మాటని విన్నది విన్నట్టే రాసుకో. రంగు పెన్నులు, స్టిక్కర్లు ఇష్టమైతే వాడుకో, కానీ రాయడం అయ్యాకే.

ఇంట్లో ఎవరైనా చదువుతారని భయముంటే పుస్తకం దాచుకో. ఇది చిన్న విషయం కాదు. ఎవరో చదువుతారనుకున్న క్షణం నుంచి మనం వాక్యాలు సర్దుకోవడం మొదలుపెడతాం, అసలు సంగతి తప్పుకుంటుంది.

రాతను చెక్కి మెరుగుపెట్టడం అక్కర్లేదని అనడం లేదు. ఈ పేజీల్లోంచి కథ పుడితే వేరే కాగితం తీసుకుని పదిసార్లు తిరగరాయి. అప్పుడు ఒక్క మాటనీ సరిచూడకుండా వదలకు.

రాయని రోజులకు సంజాయిషీ రాసుకోకు. ఇవాళ్టి తేదీ వేసి, ఏం రాయాలో తెలియడం లేదన్న వాక్యంతోనైనా మొదలుపెట్టు. ఎలా సాగుతోందో నాకు ఉత్తరం రాయి. పేజీలు మాత్రం పంపొద్దు, అవి నీవి.

నీ శ్రేయోభిలాషి