డ్రోన్‌లొచ్చాక దాడి విమానాలకు పని ఉంటుందా? సిగ్నల్స్‌లో చేసినవాడి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "ఉక్రెయిన్‌లో అన్నీ డ్రోన్‌లే చేసేస్తున్నాయి. అమెరికా ఏ-10, రష్యా సుఖోయ్-25 లాగా నేలకు దగ్గరగా ఎగిరి సైన్యానికి సాయం చేసే విమానాలకు, దాడి హెలికాప్టర్లకు ఇక రోజులు చెల్లినట్టేనా? మనం ప్రచండ్ దాడి హెలికాప్టర్లు కొనడం దండగ కాదా?"

ఏ-10 మీద యూట్యూబ్‌లో వీడియోలకు లెక్కలేదు. నేను చూసినవాటన్నిటిలోనూ దాని తుపాకీ గురించే. ఏడు గొట్టాలు, 30 మిల్లీమీటర్ల గుళ్ళు, నిమిషానికి 3,900. పైలట్ చుట్టూ టైటానియం తొట్టి. అవన్నీ నిజాలే. కానీ ఆ పైలట్‌కి ఎవరిని కొట్టాలో, ఎవరిని కొట్టకూడదో ఎలా తెలుస్తుందన్నది ఒక్క వీడియోలోనూ చెప్పరు. నేను ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే సైన్యానికి వైర్‌లెస్, టెలిఫోన్ నడిపే విభాగంలో, ఇరవై రెండేళ్ళు చేసి 2013లో ఇంటికొచ్చాను. ఎప్పుడూ విమానం నడపలేదు. నడిపేవాళ్ళతో మాట్లాడే ఆఫీసర్ల పక్కన రేడియో సెట్ పట్టుకుని కూర్చున్నాను. నేను చెప్పేది అక్కడి నుంచి.

నిజానికి ఈ పాఠం నేను ఆర్మీకంటే ముందే నేర్చుకున్నాను. మాది ముమ్మిడివరం వైపు, గౌతమి పాయలో ఒక లంక. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వయసువాళ్ళెవరూ మర్చిపోరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. రాత్రికి రాత్రి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేస్తే ఊళ్ళో సగంమంది బడి డాబా మీదకి ఎక్కాం. రెండు గదుల బడి, పైన అరవైమందికి పైగా జనం, ముగ్గురు బాలింతలు, ఒక దూడ. మిగిలినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే, పాకల కప్పుల మీద, చెట్ల మీద.

రెండో రోజు మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చింది. ఆ చప్పుడు వినగానే అందరం లేచి నిలబడి తువ్వాళ్ళు, చీర చెంగులు, ఏది దొరికితే అది ఊపాం. ప్రతి కప్పు మీదా ఊపుతున్నారు, ప్రతి చెట్టు మీదా ఊపుతున్నారు. అది రెండు చుట్లు తిరిగింది. తర్వాత పులిహోర పొట్లాలు వదిలింది. సగం కొబ్బరితోటలో పడ్డాయి. సగం ఏట్లో పడి మా కళ్ళముందే కొట్టుకుపోయాయి. మా డాబా మీద పడినవి నాలుగో ఐదో. పైగా అది కిందికి దిగినప్పుడు ఆ గాలికి పక్క పాక కప్పు లేచిపోయింది. దాని మీద కూర్చున్న ముసలమ్మను మా నాన్న ఈదుకుంటూ వెళ్ళి పట్టుకొచ్చాడు. ఆ రాత్రి డాబా మీద పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు ఆ పైలట్‌ను తిట్టని తిట్టు లేదు.

మా ఊళ్ళో మిలటరీ తాత అని ఒకాయన ఉండేవాడు. పెద్ద యుద్ధంలో బర్మా దాకా వెళ్ళొచ్చినవాడు. అప్పటిదాకా ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. మర్నాడు పొద్దున్నే లేచి అందరినీ గదిమాడు. "అరిచి ప్రయోజనం లేదర్రా. ఆడికి మనం చీమల్లా కనపడతాం. ఈసారి వస్తే ఒక్కడు లేవకూడదు, ఒక్కడు చెయ్యి ఊపకూడదు. అందరూ గోడవారకి జరిగి కూర్చోండి." అని రెండు తెల్ల పంచెలు డాబా మధ్యలో అడ్డంగా నిలువుగా పరిపించి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టించాడు. గాలి ఎటు వీస్తే అటు చివర కొబ్బరి డొక్కలు రాజేసి, పైన తడి పీచు వేయించాడు. అగ్గిపెట్టె ఒక్కటే పొడిగా ఉంది, అది ఆయన తలపాగాలోనే ఉంది. తెల్లటి పొగ నీళ్ళమీదుగా వంగి పోతుంటే మాకెవరికీ ఎందుకో అర్థం కాలేదు.

హెలికాప్టర్ వచ్చింది. ఈసారి తిరగలేదు. పొగని బట్టి గాలి ఎటుందో తెలిసి, దానికి ఎదురుగా వచ్చి, కొంచెం ఎత్తులోనే ఆగి, వరసగా పొట్లాలు వదిలింది. పంచెల మీద పడ్డాయి. నేను లెక్కపెట్టాను, ముప్పై ఆరు. పైలట్ తలుపులోంచి చెయ్యి ఊపాడు. అప్పుడు మాత్రం తాత లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. నేను సిగ్నల్స్‌లో చేరడానికి కారణం ఆ పొద్దుటి పూటే.

మీరు అడిగిన, నేలమీది సైన్యానికి విమానాలు చేసే దగ్గరి సాయం, ఇంగ్లీషులో క్లోజ్ ఎయిర్ సపోర్ట్, అంతా ఇదే. కింద ప్రాణాల మీదకి వచ్చినవాడికి కనిపించేది పైనున్నవాడికి కనిపించదు. ఆ రెండు చూపుల్ని కలిపేవాడు ఉంటే సాయం అందుతుంది. లేకపోతే ఎంత గొప్ప విమానమైనా పొట్లాలు ఏట్లో పడతాయి. యుద్ధంలో అయితే మనవాళ్ళ నెత్తిన పడతాయి.

ఇది ఊరికే అంటున్నమాట కాదు. 2003 మార్చి 28న ఇరాక్‌లో బస్రా దగ్గర రెండు ఏ-10లు బ్రిటిష్ కవచ వాహనాల మీద కాల్చి ఒక సైనికుణ్ణి చంపాయి. ఆ వాహనాల మీద, మేం మిత్రులం అని చెప్పడానికి, నారింజరంగు గుడ్డలు కట్టి ఉన్నాయి. పైలట్లు వాటిని చూసి రాకెట్లు అనుకున్నారు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళెవరూ లేరని వాళ్ళకు కబురు అంది ఉంది మరి. పంచె పరిచి ఉంది, దాని అర్థం పైవాడికి చేరలేదు. 2014 జూన్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా బీ-1 బాంబర్ సొంత సైనికులు ఐదుగుర్ని, వాళ్ళతో ఉన్న ఆఫ్ఘన్ సైనికుణ్ణి చంపింది. కిందివాళ్ళ దగ్గర చీకట్లో మిణుకుమిణుకుమనే గుర్తు దీపాలున్నాయి. ఆ విమానానికి ఉన్న కెమెరాకి ఆ వెలుగు కనపడదని అక్కడున్నవాళ్ళకు తట్టలేదు. ఒకటి నేలబారుగా ఎగిరే విమానం, ఒకటి ఆకాశంలో ఎక్కడో ఉండేది. రెండింటిలోనూ తప్పు ఒకటే.

రాజస్థాన్‌లో విన్యాసాలప్పుడు మా పని ఎలా ఉండేదో చెప్తాను. ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చిన ఆఫీసర్ ఒకరు మా బ్రిగేడ్‌తో ఉంటారు, ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్. ఆయన పక్కన సెట్ నాది. గంటకి 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం అంటే సెకనుకి పావు కిలోమీటరు. ఆ పైలట్‌కి నేల కనిపించేది కొన్ని సెకన్లు. అందుకే మాట పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకి వెళ్ళాలి. నల్లరోడ్డు కనపడిందా, కనపడింది. దానిమీద మలుపు, కనపడింది. మలుపుకు ఉత్తరాన ఒంటరి చెట్టు, కనపడింది. చెట్టుకి రెండు చెట్ల దూరం కుడికి. అంతే. ఒక్క మాట ఎక్కువైతే విమానం దాటిపోతుంది. తక్కువైతే తప్పు చెట్టు. ఇది పుస్తకంలో నేర్పేది కాదు, ఏళ్ళ తరబడి ఒకళ్ళ గొంతు ఒకళ్ళకి అలవాటు కావాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళకి నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపేసే పద్ధతి పెట్టారు. సెట్ మీద కుదురుగా మాట్లాడటం వచ్చేసరికి కుర్రాడు పెట్టె సర్దుకోవాలి. మా వైపు కుర్రాళ్ళు తెల్లారుజామున ఏటిగట్టు మీద పరుగులు తీస్తుంటే చూసి నాకు దిగులేస్తుంది. ఇది తప్పు నిర్ణయమని ఎక్కడైనా చెప్తాను.

1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దు చౌకీ లోంగేవాలా గురించి అందరూ హంటర్ విమానాల గొప్ప చెప్తారు. జైసల్మేర్ నుంచి నాలుగు హంటర్లు వచ్చి పాకిస్తాన్ టాంకుల్ని చీల్చిచెండాడాయి, నిజమే. హంటర్లు రాత్రి పనికిరావు, కాబట్టి ఆ చౌకీలో ఉన్న మనవాళ్ళు నూట ఇరవైమందీ తెల్లారేదాకా నిలబడ్డారు. తెల్లారాక ఆ టాంకులు ఎటున్నాయో హంటర్లకి చూపించింది ఆర్మీవాళ్ళ చిన్న కృషక్ విమానం. ఆయుధం లేని, నెమ్మదిగా పోయే విమానం. దాని పేరు ఎవరికీ గుర్తుండదు.

సరే, ఇక విమానాల సంగతి. నేలబారుగా, నెమ్మదిగా ఎగిరి తుపాకీతో కాల్చే విమానానికి, అవతలివాడి చేతిలో భుజాన పెట్టుకుని పేల్చే క్షిపణి ఉంటే, కాలం చెల్లింది. మనకి ఇది ఉక్రెయిన్ చెప్పక్కర్లేదు, కార్గిల్ ఎప్పుడో చెప్పింది. 1999 మే 26న మన దాడులు మొదలయ్యాయి. 27న ఒక మిగ్-21ని క్షిపణి కూల్చింది, ఇంజిన్ ఆగి ఒక మిగ్-27 పోయింది. 28న రాకెట్లు పేలుస్తున్న ఎంఐ-17 హెలికాప్టర్ నలుగురితో సహా కూలిపోయింది. మూడు రోజులు. ఆ కబురు సెట్ మీద విన్నప్పుడు మా టెంట్‌లో ఎవరూ అన్నం తినలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చి, మిరాజ్-2000లు క్షిపణికి అందని ఎత్తు నుంచి లేజర్ బాంబులు వేశాయి. జూన్ 24న టైగర్ హిల్ మీద వేసింది అలాగే.

ఉక్రెయిన్‌లో సుఖోయ్-25లు రెండు వైపులా ఉన్నాయి. అవి చేస్తున్నదేమిటి? చెట్ల ఎత్తున వచ్చి, ముక్కు పైకెత్తి, రాకెట్లు దూరం నుంచి విసిరేసి వెనక్కి తిరిగిపోతున్నాయి. దాన్ని నేను దగ్గరి సాయం అనను. నాకు ఏట్లో పడ్డ పొట్లాలే గుర్తొస్తాయి.

అక్కడ డ్రోన్‌లు ఎందుకు నెగ్గుతున్నాయంటే అందరూ చవక అంటారు. నేను ఒప్పుకోను. డ్రోన్ నడిపేవాడు ఆ సైనికుల కందకంలోనే, వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. వాడి కెమెరాలో కనిపించేదే పక్కవాడికీ కనిపిస్తుంది. "అది కాదు, ఆ పక్క గుంత" అంటే చాలు. మేం నిమిషాల తరబడి సెట్ మీద చేసే పని అక్కడ భుజం తట్టి చేసేస్తున్నారు. నెగ్గింది అందుకే. రేడియో జామ్ చేస్తుంటే ఇప్పుడు సన్నటి ఫైబర్ తీగ వెనక వదులుకుంటూ పోయే డ్రోన్‌లు వాడుతున్నారు, కిలోమీటర్ల కొద్దీ. అది చూసి నాకు మా లైన్ పార్టీ కుర్రాళ్ళు గుర్తొచ్చారు. కేబుల్ డ్రమ్ము వీపున వేసుకుని కొండలెక్కేవాళ్ళు. సెట్లు ఎన్ని మారినా ఆఖరికి తీగ దగ్గరికే వచ్చారు.

కానీ ఆ చిన్న డ్రోన్ మోసేది కిలో, రెండు కిలోలు. బండరాయి కింద బంకర్ కట్టుకుని కూర్చున్నవాడికి అది చాలదు. పదహారు వేల అడుగుల ఎత్తున చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. గాలి పలచన. అందుకే ప్రచండ్ దండగ అనేవాళ్ళతో నేను గొడవ పడతాను. అసలు అది పుట్టిందే కార్గిల్ దెబ్బ నుంచి. ఐదు వేల మీటర్ల ఎత్తున దిగి మళ్ళీ ఎగరగలిగే దాడి హెలికాప్టర్ మనకు కావాలనుకుని తయారుచేసుకున్నాం. 2025 మార్చిలో 156 కొనడానికి ఒప్పందం అయింది, 62,700 కోట్లు. అందులో 90 ఆర్మీకే. ఆ తొంభై ఆర్మీ చేతిలో ఉండటమే నాకు అన్నిటికంటే నచ్చింది. కిందివాడిదీ పైవాడిదీ ఒకే యూనిఫారం, ఒకే సెట్, ఒకే భాష. జపాన్ 2022లో దాడి హెలికాప్టర్లు తీసేసి డ్రోన్‌లు పెట్టుకుంటామంది. వాళ్ళకు సముద్రం అడ్డం. మనకు సియాచిన్ ఉంది, వాళ్ళ లెక్క మనకు సరిపోదు.

కాబట్టి నా జవాబు: ఏ-10 లాంటి విమానం మళ్ళీ ఎవరూ కట్టరు. మైదానంలో ఆ పని డ్రోన్‌ది, కొండల్లో హెలికాప్టర్‌ది, పెద్ద బాంబు కావలసినప్పుడు ఎత్తున ఉండే విమానానిది. ఈ మూడింటితోనూ మాట్లాడే మనిషిని తయారుచేయకపోతే మూడూ వృథా.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు నేను ఏటిగట్టు మీదే ఉన్నాను. ముప్పై ఆరేళ్ళ తర్వాత కూడా, హెలికాప్టర్ చప్పుడు వినగానే జనం లేచి తువ్వాళ్ళే ఊపుతున్నారు. ప్రతి లంకకీ ఒక సెట్, దానిమీద మాట్లాడటం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఒక తెల్లగుడ్డ. దీనికి ఎన్ని కోట్లు కావాలి? మా జిల్లాలో నాలాంటి రిటైరైనవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. పిలిస్తే డబ్బులు అడక్కుండా నేర్పుతాం. ఎవరూ పిలవలేదు.

మా తమ్ముడి కొడుకు ఇప్పుడు పొలాల్లో డ్రోన్‌తో మందు కొడుతున్నాడు. మొన్న సార్వాలో దోమ పడిన చేలోకి నన్నూ రమ్మన్నాడు. గట్టు మీద రైతు వాడి పక్కనే నిలబడి చెప్తున్నాడు. "కాలవ కనపడతందా? దాని మీద తూము. తూముకి ఇవతల మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు. దాని నీడ పడ్డ చోట, అక్కడ కొట్టు బాబూ." డ్రోన్ తిన్నగా అక్కడికే వెళ్ళింది.