ఎద్దు తలలోంచి పద్యం వినపడాలంటే

ప్రశ్న: ఎద్దు తల, మనిషి ఒళ్లు ఉన్న గ్రీకు పురాణ జీవి మినోటార్ కథను సంగీత నాటకంగా త్యాగరాయ గానసభలో వేయబోతున్నాం. కాగితపు గుజ్జుతో చేసిన ఎద్దు తల తగిలించుకుంటే పద్యం ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఇదే కథతో వచ్చిన ఒపెరాలో ఏం చేశారు?
– నాటక సమాజ సభ్యుడు, చిక్కడపల్లి

జవాబు: హారిసన్ బర్ట్‌విసిల్ స్వరపరచిన ‘ద మినోటార్’ 2008లో లండన్ రాయల్ ఒపెరా హౌస్‌లో మొదటిసారి ఆడింది. దానికి మాటలు రాసిన డేవిడ్ హార్సెంట్ రాతలోనే సగం చిక్కు విడిపోయింది. మెలకువలో ఆ జీవికి రంకె తప్ప మాట రాదు, మాటలన్నీ కలల్లోనూ చావు ముందూ. మినోటార్‌గా పాడిన జాన్ టామ్లిన్‌సన్ పెట్టుకున్న తల కూడా జాలీది, లోపలి ముఖం కనిపించేది. మీరూ ముందు రాతప్రతి తీయండి. వేట రంగంలో పద్యాలు కొట్టేసి రంకెలు ఉంచండి.

ఇక తల సంగతి. మూసిన డొల్లలో స, శ, త, చ లాంటి సన్నని ధ్వనులు అక్కడే ఆగిపోయి, బొంగురు మోత ఒక్కటే బయటికొస్తుంది. చెవులూ మూసుకుపోవడంతో నటుడికి హార్మోనియం సరిగా వినిపించక శ్రుతి తప్పుతుంది. అందుకే అల్యూమినియం తీగతో చట్రం కట్టి, బేగంబజార్‌లో దొరికే కిటికీ దోమల జాలీ చుట్టండి. రంగు పలచగా కొట్టాలి, కన్నాలు పూడాయో మళ్లీ మొదటికే. మూతి దగ్గర జాలీ కూడా వద్దు, పూర్తిగా తెరిచేయండి. చెవుల దగ్గర అరచేయంత కోత ఉండాలి. కొమ్ములకు నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క మేలు, తేలిక. మొత్తం కిలో దాటనివ్వకండి. బరువు మెడమీద కాక నడినెత్తిన పడేలా హెల్మెట్ లోపలి పట్టీలు బిగించండి.

ఎదుటి దీపం పడితే జాలీ గోడలా కనిపిస్తుంది. అది తగ్గించి, గడ్డం కింద చిన్న ఎల్‌ఈడీ వెలిగిస్తే మనిషి ముఖం తేలుతుంది. కల రంగానికి ఇంతకంటే ఖర్చు అనవసరం.

మైకు మూతిలో పెట్టకండి, ఊపిరి కొట్టి టపటపమంటుంది. నుదుటి మీద, జుట్టు మొదట్లో అంటించి, చెమట దిగకుండా పైన గుడ్డపట్టీ కట్టండి.

ప్రశ్న: ఒపెరాలో మైకే ఉండదట, నిజమా?
– సికింద్రాబాద్ పాఠకురాలు

జవాబు: సాధారణంగా ఉండదు. వాద్యబృందం బలం 500 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) చుట్టూ ఉంటే, సాధన చేసిన గొంతు 3,000 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అక్కడ వాద్యాలు పలచబడతాయి కాబట్టి గొంతు పైకి తేలుతుంది.