ఏ కణజాలంలో, ఏ గంటలో?

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పట్టుపురుగులో ఒక జన్యువును ఆపేసి ఎదుగుదల ఎలా మారుతుందో చూడాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమయింది తల్లీ. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ని కాబట్టి నువ్వు పనిలోకి దిగకముందే కొన్ని మాటలు చెప్పాలని ఉంది.

జన్యువును ఎంచుకోవడంతో మొదలుపెట్టవద్దు. ఏ కణజాలంలో, ఏ దశలో చూస్తావో ముందు తేల్చుకో. పురుగు కుబుసం విడిచేలా, రూపం మారేలా చేసే ఎక్డైసోన్ అనే హార్మోను సంగతే తీసుకో. 1954లో శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల (గూటి లోపల రూపం మారే దశలోని పురుగుల) నుంచి 25 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీశారు. అంత కొద్దిగా ఉండే పదార్థం పురుగు ఒంటినంతా మార్చేస్తుంది. మెదడు నుంచి సంకేతం రాగానే వక్షంలోని గ్రంథి దాన్ని రక్తంలోకి వదులుతుంది. పండు ఈగ ప్యూపాగా మారేటప్పుడు ఆ హార్మోను తగిలి లాలాజల గ్రంథి కణాలు చనిపోతాయి. డింభకం లోపల చిన్న సంచుల్లా ముడుచుకుని ఉన్న ఇమాజినల్ డిస్కులు మాత్రం అదే హార్మోనుకు విప్పుకుని రెక్కలూ కాళ్లూ అవుతాయి. ఏ కణంలో ఏ జన్యువులు అప్పటికే తెరిచి ఉన్నాయన్నదాన్ని బట్టే ఈ తేడా.

నీకు బాగా పనికొచ్చే ఉదాహరణ పట్టు గ్రంథి. పురుగు గుడ్డులో ఉండగానే ఆ గ్రంథిలో కణాల సంఖ్య ఖరారైపోతుంది. ఆ తర్వాత కణ విభజన ఉండదు. కణం లోపల డీఎన్ఏ మాత్రం రెట్టింపవుతూ లక్షల ప్రతులకు చేరుతుంది, కేంద్రకం కొమ్మలు కొమ్మలుగా కణమంతా పరుచుకుంటుంది. సూక్ష్మదర్శిని కింద దాన్ని ఒక్కసారి చూడు, నీకే ఆశ్చర్యం వేస్తుంది. రెక్కల డిస్కు కణాలు మాత్రం డింభక దశలో విభజన చెందుతూనే ఉంటాయి. కణ విభజనకు అవసరమైన జన్యువును నువ్వు ఐదో దశలో, అంటే గూడు కట్టడానికి ముందరి చివరి ఎదుగుదల దశలో, ఆపితే రెక్కల డిస్కు కుంచించుకుపోవచ్చు, పట్టు గ్రంథిలో ఏ తేడా కనిపించకపోవచ్చు. గ్రంథిని మాత్రమే చూసి ఆ జన్యువుకు పనే లేదని రాస్తే ఎంత పొరపాటు!

అవయవాల గుర్తింపును నిర్ణయించే హాక్స్ జన్యువులూ ఇంతే. ఈగ వక్షం మూడో ఖండంలో అల్ట్రాబైథొరాక్స్ పనిచేయకపోతే, ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న హాల్టర్లు ఉండాల్సిన చోట ఇంకో జత రెక్కలు వస్తాయి. ఆ జన్యు సముదాయాన్ని దశాబ్దాల పాటు పరిశోధించిన ఎడ్వర్డ్ లూయిస్‌కు 1995లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇక వేళ. జువనైల్ హార్మోను రక్తంలో ఉన్నంతకాలం పురుగు కుబుసం విడిచినా పురుగుగానే ఉంటుంది. ఐదో దశలో అది తగ్గాక ఎక్డైసోన్ పెరిగితేనే గూడు కట్టడానికి, ప్యూపాగా మారడానికి సిద్ధమవుతుంది. హిందూపురం వైపు పట్టు రైతుల దగ్గర కొన్ని రోజులు ఉండి చూడు. పురుగులన్నీ ఒకేసారి పండి (గూడు కట్టడానికి సిద్ధమై) చంద్రికలు, అంటే గూళ్లు అల్లుకునే తట్టలు, ఎక్కేందుకు, మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ తరహా మందును సరైన సమయంలో ఆకుపై చల్లేవాళ్లు ఉన్నారు. ఏ పురుగు పండిందో వాళ్లు ఒంటి రంగు చూసి చెబుతారు. ఆ చూపు నీకూ రావాలి.

అందుకని, నాలుగో జ్వరం నుంచి, అంటే మేత మాని కుబుసం విడిచే నాలుగో విరామం నుంచి, లేచిన పురుగులను రోజుల వారీగా కాదు, గంటల వారీగా వేరు చెయ్యి. ఉదయం లేచినవాటిని రాత్రి లేచినవాటితో కలపవద్దు. ఆడవాటినీ మగవాటినీ విడదీయి, బరువులో తేడా ఉంటుంది. ఒక్కో ట్రేలో ఎన్ని పురుగులున్నాయో, గది ఉష్ణోగ్రత ఎంతో పుస్తకంలో రాసుకో. ఈ పని విసుగ్గానే ఉంటుంది. అయినా ఇది లేకుండా వచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

ఇంకొకటి. జన్యువుకు సరిపోయే ఆర్ఎన్ఏను సూదితో ఎక్కించి దాని పనిని ఆపే ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ పద్ధతి పట్టుపురుగులో ఒక్కోసారి సరిగా పనిచేయదు. జన్యువు పని నిజంగా తగ్గిందో లేదో ఆ కణజాలంలోనే కొలిచి చూసుకున్నాక ముందుకు వెళ్లు. సూది గుచ్చిన గాయం వల్లే పురుగు చిక్కిపోయి ఉండవచ్చు కాబట్టి, సంబంధం లేని ఆర్ఎన్ఏను అంతే మోతాదులో ఇచ్చిన పురుగులు కూడా పక్కనే ఉండాలి. ఒక్క కణజాలంలోనే జన్యువును ఆపాలన్న పట్టుదల ఉంటే పండు ఈగకు మారడం మేలు. 1993లో బ్రాండ్, పెరిమన్ ప్రకటించిన గాల్4 పద్ధతి, ఎంచుకున్న కణజాలంలోనే కావలసిన జన్యువును పనిచేయించేది, అందుకు చాలా అనువైనది. మీ గైడుతో మాట్లాడి ఈ నెలలోనే తేల్చుకో.

పట్టుపురుగే కావాలనుకుంటే ఫిబ్రవరి లోపు ప్రయోగం ముగించు. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు హాయి. మన అనంతపురంలో మార్చి దాటితే ఆ చల్లదనం గదిలో నిలబెట్టడం చాలా కష్టం, మల్బరీ ఆకు కూడా కోసిన గంటలోనే వాడిపోతుంది. ఆకును తెల్లవారాక ఎండ ఎక్కకముందే కోయించి, తడిగుడ్డ కప్పి తెప్పించుకో. పురుగుమందు కొట్టిన తోట ఆకు మాత్రం ఎంత పచ్చగా ఉన్నా వద్దు.

నీ
పెదనాన్న