నీ కథలో డీలరు చేతులు

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పడేశాను. కాసినోలో ముక్కలు పంచే నీ డీలరు 16 మీద ఉండి, ఎదురుగా కూర్చున్న మన రైతు ముఖం చూసి జాలిపడి, ఇంకో ముక్క తీయకుండా ఆగిపోయి అతన్ని గెలిపిస్తుంది చూడు, అక్కడ.

ఆరేళ్లు గోవాలో, మాండవి నది మీద కాసినో ఓడలో, బ్లాక్‌జాక్ టేబుల్ వెనక నిలబడిన మనిషిని నేను. ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరుని మించడమే ఆ ఆట. ఆ సంగతి తెలిసే నాకు పంపానని రాశావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. డీలరుకి 16 వస్తే ముక్క తీయాలి, 17 వస్తే ఆగాలి. అందులో ఆమె ఇష్టానికి చోటే లేదు. జాలి ఉన్నా, పగ ఉన్నా, పక్కన సూపర్‌వైజర్ లేకపోయినా తీయాల్సిందే, పైన కెమెరా ఉంటుంది, పైగా ఆ నియమం చాలా చోట్ల టేబుల్ గుడ్డ మీదే అచ్చు వేసి ఉంటుంది. నువ్వు అరపేజీ ఆమెని ఆలోచనలో పడేశావు. ఆ అరపేజీలో గుండెదడ ఉంది, చెమట ఉంది, వాళ్ల నాన్న జ్ఞాపకం ఉంది, కిటికీ బయట వాన కూడా ఉంది. ఆమె చేతులు మాత్రం ఎక్కడా లేవు.

మనిషి చేసే పని తెలియకుండా ఆ మనిషి బాధ రాయలేం అని నా గట్టి నమ్మకం. సాలెవాడి కథ రాయాలంటే ముందు మగ్గం తెలియాలి, డీలరు కథ రాయాలంటే ముందు ఒక్క ఆట ఎలా నడుస్తుందో తెలియాలి. చెబుతాను విను.

మా టేబుల్ మీద 6 పేకలు, 312 ముక్కలు. కొత్త పేకలు తెరిచినప్పుడు అన్నీ బొమ్మ పైకి వచ్చేలా విసనకర్రలాగా పరిచి, ఒక్కటీ తగ్గలేదని చూసుకుని, తిరగేసి, రెండు అరచేతులతో టేబుల్ అంతా చెదరగొట్టి కలుపుతాం. మళ్లీ పోగుచేసి, కలిపి, కోసి, మళ్లీ కలిపి, ఆటగాడి చేతికి రంగు ప్లాస్టిక్ ముక్క ఇచ్చి కోత పెట్టమంటాం. తర్వాత మొత్తం షూ అనే పెట్టెలోకి వెళుతుంది, మొదటి ముక్క ఎవరికీ వేయకుండా పక్కకి తీసేస్తాం. అక్కణ్ణించి ఎడమచేత్తో ముక్క లాగి కుడిచేత్తో అందుకుని, మన ఎడమవైపు మొదటి సీటుతో మొదలుపెట్టి వరుసగా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, చివర మనకొకటి, మళ్లీ అందరికీ రెండోది. మా దగ్గర డీలరుకి రెండో ముక్క అందరి ఆటా అయ్యాకే వచ్చేది. అమెరికాలో అయితే రెండోది ముందే బోర్లా వేసుకుంటారు. నీ కథలో ఆ ముక్క ఒక పేజీలో బోర్లా ఉంది, రెండు పేజీల తర్వాత అసలు లేదు.

ఆటగాడు నోటితో చెప్పింది చెల్లదు. ముక్క కావాలంటే టేబుల్ మీద వేలితో తట్టాలి, వద్దంటే చేయి అడ్డంగా ఊపాలి, ఎందుకంటే తర్వాత గొడవ వస్తే చూడాల్సింది కెమెరా, దానికి కావలసింది సైగ. డబ్బు కూడా చేతిలోంచి చేతిలోకి తీసుకోం. ఆయన టేబుల్ మీద పెట్టాలి, మేం ఆ నోట్లు కెమెరాకి కనబడేలా పరిచి, లెక్కపెట్టి, బయటికి గట్టిగా చెప్పి, సూపర్‌వైజర్ చూశాక కింద పెట్టెలోకి తోస్తాం. నీ నాయిక రైతు చేతిలోంచి నోట్లు అందుకుంటుంది, వాళ్ల వేళ్లు తగులుతాయి, ఆమెకి ఏదో అవుతుంది. ఆ తాకిడి జరగదు, తమ్ముడూ. నాలుగో పేజీలో టిప్పు జేబులో వేసుకుంది. మా ప్యాంట్లకి జేబులే లేవు. మొదటి రెండు ముక్కలకే 21 వచ్చి బ్లాక్‌జాక్ పడితే రెట్టింపు ఇచ్చావు. 500 పెడితే 3:2 లెక్కన 750 ఇస్తాం, 6:5 టేబుల్ అయితే 600. ఇవి చిన్న తప్పులని నువ్వు అనుకోవచ్చు, నేను అనుకోను.

ఇంకోటి, నీ కాసినో యజమాని డీలర్ల చేత మోసం చేయిస్తాడు. ఆ అవసరం అతనికి లేదు. ఆటగాడు ముందు ఆడాలి, అతను 21 దాటగానే అతని చిప్పులు తీసేస్తాం. ఆ తర్వాత డీలరు కూడా 21 దాటితే, అప్పటికే పోయినవాడికి తిరిగొచ్చేది ఏమీ లేదు. డీలరు నూటికి దాదాపు 28 సార్లు దాటిపోతుంది, అయినా కాసినో నిలబడేది ప్రధానంగా ఈ వరుస మీదే. ఎవరు ముందు ఆడాలి అన్న ఒక్క నియమంలో అంత డబ్బు దాగి ఉంటే, నువ్వు చేతివాటం కోసం వెతికావు.

మూడు నెలల ట్రైనింగు అయ్యాక నేను టేబుల్ ఎక్కిన రెండో వారంలో జరిగింది చెబుతాను. నాలుగో సీటులో ఒక పెద్దాయన, 2,500 పందెం. నాకు 10, తర్వాత 4, తర్వాత 6, మొత్తం 20. ఆయనకీ 20 ఉంది, అంటే సమానం, ఆయన చిప్పులు ఆయనకే వదిలేయాలి. నేను అలసటలో ఆయనది 19 అని చదివి చిప్పులు లాగేసి, ముక్కలు ఎత్తేసి, పక్క డబ్బాలో పెట్టేశాను. ఆయన అరవలేదు. టేబుల్ మీద వేలు పెట్టి, "నాది ఇరవై" అన్నాడు. సూపర్‌వైజర్ వచ్చి నన్ను ఏమీ అనకుండా ముక్కలు వెనక్కి పరవమంది. డీలరు ముక్కలు ఎత్తడానికి ఒక వరుస ఉంటుంది, కుడి చివరి సీటు నుంచి ఎడమకి, ఒక్కొక్కరివి కలిసిపోకుండా, చివరికి తనవి. ట్రైనింగులో ఆ వరుస తప్పితే మళ్లీ మళ్లీ చేయించేవాళ్లు, ఎందుకో నాకు అప్పటిదాకా అర్థం కాలేదు. చేతులు వణుకుతున్నా ఎత్తిన వరుసలోనే వెనక్కి పరిచాను, ఒక్కొక్క సీటూ తిరిగి లేచి వచ్చింది. నాలుగో సీటు: 9, 2, 9. కెమెరా గదిలో వాళ్లు కూడా అదే చెప్పారు. 2,500 తిరిగి పెట్టి ఆయనకి సారీ చెప్పాను. మర్నాటి నుంచి వారం రోజులు మళ్లీ ట్రైనింగు గదిలో ఖాళీ కుర్చీలకి ముక్కలు పంచాను.

నేను కథ రాసినా, ఎవరి కథ చదివినా ఆ డబ్బాయే గుర్తొస్తుంది. ఎవరైనా వేలు పెట్టి "ఇది ఎలా జరిగింది" అంటే, వెనక్కి పరిచి చూపించగలగాలి. నీ కథని వెనక్కి పరిస్తే నాలుగో పేజీ దగ్గరే ముక్కలు తక్కువొస్తున్నాయి.

ఇవన్నీ ఎందుకు, పాఠకుడికి తెలుస్తుందా అంటావేమో. ఆ మాట నాకు ఒక సంపాదకుడు 2016లోనే చెప్పాడు. ఓడ దిగి వచ్చేశాక రాసిన మొదటి కథ అది. ఇరవై చిప్పుల దొంతర అరచేతి కిందికి తీసుకుని చూపుడువేలితో ఐదైదుగా కోయడం మీద ఒక పేరా రాశాను, ఆ పేరాకి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆయన దాన్ని అడ్డంగా కొట్టేసి, "విధానం ఎవడిక్కావాలమ్మా, వేదన రాయి" అన్నాడు. పైగా జూదగృహంలో పనిచేసే ఆడపిల్ల చివర్లో పశ్చాత్తాపపడి ఉద్యోగం మానేస్తే బాగుంటుందన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో మార్చి ఇచ్చాను. అచ్చయింది, ఫోన్లు కూడా వచ్చాయి. ఆ కథని ఇప్పటిదాకా నా ఏ సంపుటిలోనూ చేర్చలేదు, చేర్చను. ఇప్పుడు పోటీలకి వచ్చే కథలు చూస్తుంటే ఆయన గెలిచాడనే అనిపిస్తోంది. అందరికీ వేదన ఉంది, ఎవరికీ ఉద్యోగం లేదు. పాత్ర పొద్దున్న లేచి ఎక్కడికి వెళుతుందో, అక్కడ చేతులతో ఏం చేస్తుందో ఒక్కరూ రాయరు, ఆఖరి వాక్యంలో ఏడిపిస్తే చాలు బహుమతి. నువ్వూ ఆ బహుమతి కోసమే రాశావని పదకొండో పేజీ చెబుతోంది.

నేను రాయడం నేర్చుకున్నది బ్రేకుల్లో. గంట నిలబడితే ఇరవై నిమిషాలు. పెన్ను, కాగితం టేబుల్ దగ్గరికి తీసుకెళ్లకూడదు కాబట్టి అక్కడ విన్నది గంటసేపు మోసి, బ్రేకు గదిలో నోటుబుక్కులో పెట్టేదాన్ని. నాతో ఉన్నవాళ్లలో ఈశాన్యం నుంచి, నేపాల్ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ, తెలుగు నా ఒక్కదానికే వచ్చు. టేబుల్ దగ్గర మాత్రం తెలుగు బాగా వినబడేది. మన దగ్గర జూదగృహాలని నిషేధించే 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది కాబట్టి మనవాళ్లు గోవాకే వస్తారు, డీలరుకి తెలుగు రాదనుకుని అన్నీ మాట్లాడేసుకుంటారు. ఈ పిల్ల చెయ్యి మంచిది కాదురా, టేబుల్ మారదాం అనడం ఎన్నిసార్లు విన్నానో.

ఒక జనవరిలో, తెల్లవారుజామున మూడు దాటాక, మా గోదావరి యాసలోనే మాట్లాడుకుంటూ ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన పోగొట్టుకుంటూనే ఉన్నాడు. చివరికి మిగిలినవి కలిపి పెట్టేస్తూ పక్కవాడితో, "ఇవి పిల్ల ఫీజు డబ్బులురా" అన్నాడు. మెల్లగానే అన్నాడు, నాకు వినబడింది. ఆయనకి 18 వచ్చింది, చేయి అడ్డంగా ఊపాడు. నా ముందు 10 ఉంది. రెండో ముక్క లాగాను, 6. మొత్తం 16.

నీ పదకొండో పేజీ ఇదే, తమ్ముడూ. నాకు జరిగింది. నేనేమీ ఆలోచించలేదు, ఆలోచించే చోటే లేదు అక్కడ. ఎడమచెయ్యి షూ మీదికి దానంతటదే వెళ్లింది, కుడిచెయ్యి అందుకుంది, 5 పడింది. 21 అని ఇంగ్లీషులో చెప్పి ఆయన చిప్పులు తీసేసి, రంగుల వారీగా ట్రేలో సర్ది, కుడి నుంచి ఎడమకి ముక్కలు ఎత్తాను. ఆయన కాసేపు ఖాళీ గుడ్డ వైపు చూసి లేచి వెళ్లిపోయాడు. నేను ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరో నా భుజం తట్టారు, నా బ్రేకు. రెండు చేతులూ చరిచి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి, ఏమీ దాచలేదని కెమెరాకి చూపించి టేబుల్ దిగాను. ఆ రోజు బ్రేకు గదిలో ఏమీ రాయలేదు. ఇన్నేళ్లయినా దాన్ని కథ చేయలేకపోయాను, నీకు మొదటిసారి చెబుతున్నాను. నీ డీలరు ఆగిపోయిందని చదివినప్పుడు నాకు వచ్చిన కోపం అక్కడిది.

అయినా రెండోసారి చదివానన్నాను కదా. ఆరో పేజీ కోసం చదివాను. ఆమె డ్యూటీ నుంచి ఇంటికొచ్చి, పిల్లాడికి అన్నం పెట్టి, గిన్నె సింకులో వేసి, ఎవరూ లేని గోడకేసి అరచేతులు తిప్పి చూపిస్తుంది. ఎందుకో నువ్వు చెప్పలేదు. అది ఊహించి రాయగలిగేది కాదు. ఉద్యోగం మానేశాక రెండేళ్లు నేనూ అలాగే చేశాను, మా అమ్మ చూసి భయపడేది. ఆ వాక్యం నీకు ఎవరో చెప్పి ఉండాలి, లేదా ఎవరి వంటింట్లోనో చూసి ఉండాలి.

నువ్వడిగిన కలం పేరు సంగతి, పత్రికల సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆవిడ ఎవరో, ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లు. నీకేమనిపించేది అని అడగకు. షూ ఏ పక్కన ఉండేది, చిప్పులు ఏ వేలితో కోసేవారు, గంట నిలబడితే ముందు ఎక్కడ నొప్పి పుట్టేది, ఇవి అడుగు. ఒప్పుకుంటే 6 పేకలు కొనుక్కెళ్లి వాళ్లింట్లోనే భోజనాల బల్ల మీద పంచి చూపించమను, నువ్వు నాలుగో సీటులో కూర్చో. ఆవిడకి 16 వచ్చేదాకా లేవకు. అప్పుడు ఆ చేతులు చూసి, పదకొండో పేజీ ఒక్కటీ మళ్లీ రాసి నాకు పంపు. మిగతా కథ దాని తర్వాత చూద్దాం.

అక్క