పిచ్‌లో మన కష్టాల కథ కాదండీ, కస్టమర్ కథ చెప్పండి

"అంకెలన్నీ పక్కాగా ఉన్నాయి, అయినా ఇన్వెస్టర్లకి ఇచ్చే పిచ్‌లో మెంటర్ కథ చెప్పమంటున్నారు, అసలే ఆడవాళ్ళమని తేలిగ్గా చూస్తారు, కథలు మొదలుపెడితే ఇంకా తేలికైపోనా" అని కదా మీరు అడిగింది. తేలికైపోయే కథ ఒకటుంది, డబ్బు తెచ్చే కథ ఇంకోటుంది, రెండూ వేరు.

మాది గుంటూరు. మిర్చి ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్లు రైతులకి అద్దెకిస్తాం. సీడ్ రౌండ్ (కంపెనీకి తొలి పెట్టుబడి) కోసం హైదరాబాదు, బెంగుళూరు తిరిగినప్పుడు చూసిందే చెప్తున్నా.

మీటింగ్‌లో కూర్చోగానే "మీ జర్నీ చెప్పండి" అంటారు. ఇక్కడే చాలామంది ఆడవాళ్ళు పట్టుబడిపోతారు. ఇంట్లో ఒప్పుకోకపోవడం, ఉద్యోగం మానేస్తే చుట్టాలన్న మాటలు, పాపని అమ్మ దగ్గర వదిలి రావడం, ఇవన్నీ చెప్తారు, అన్నీ నిజాలే, వినేవాళ్ళ మొహాలు కూడా కరుగుతాయి, "వెరీ ఇన్‌స్పైరింగ్ అండీ" అంటారు, మార్చి 8కి ప్యానెల్‌లో మాట్లాడమని మెయిల్ కూడా వస్తుంది. టర్మ్ షీట్ (పెట్టుబడి షరతులు రాసిచ్చే కాగితం) మాత్రం రాదు. ఎందుకంటే ఆ అరగంటలో మీరెంత కష్టపడ్డారో తెలిసింది గానీ వాళ్ళ డబ్బు ఎలా పెరుగుతుందో తెలీలేదు. మీ గురించి రెండు వాక్యాలు చాలు, అవి కూడా ఈ పని గురించి మీకే ఎందుకు బాగా తెలుసో చెప్పేవి. నేనైతే "మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశారు, తాలు కాయ (రంగు పోయిన నాసిరకం మిర్చి) ఏదో చేత్తో పట్టుకుంటే చెప్పేస్తా" అని ఆపేస్తా.

మిగతాదంతా కస్టమర్ కథ. నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది: ఫిబ్రవరిలో కోసిన కాయ కల్లంలో పోశారు, బాగా ఎండాలంటే 10-15 రోజులు పడుతుంది, వారం గడిచాక ఒక రాత్రి మబ్బు పట్టింది, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరిగెత్తారు, సగమే కప్పగలిగారు. తడిసిన కాయ తెల్లబడి తాలైంది, యార్డుకి తీసుకెళ్తే సగం ధర కూడా పలకలేదు. అక్కడ ఆగి లెక్క చెప్తా. ఎకరానికి 20 క్వింటాళ్ళ పంట అనుకోండి, అందులో 3 క్వింటాళ్ళు తాలు పోయింది, మంచి కాయ క్వింటా 15,000, తాలు 7,000, అంటే ఒక్క వానకి ఎకరం మీద 24,000 పోయింది, మా అద్దె అందులో మూడో వంతు. ఈ చివరి ముక్క కోసమే ముందు చెప్పినదంతా. రైతు పేరు, ఊరు, ఆ ఇంటి కన్నీళ్ళు అక్కర్లేదు, జాలి పుట్టిందంటే మీ కంపెనీని ఎన్జీవో అనుకుంటారు, అది ఇంకా ప్రమాదం.

ఆడ ఫౌండర్లకి కథ ఇంకా ఎందుకు అవసరమంటే, మనకొచ్చే ప్రశ్నలే వేరు. ఇది నా అనుమానం కాదు, డానా కాంజె అనే పరిశోధకురాలు (ఆవిడ కూడా ఒకప్పుడు స్టార్టప్ నడిపిన మనిషే) ఇంకొందరితో కలిసి న్యూయార్కులో 2010 నుంచి 2016 దాకా జరిగిన టెక్‌క్రంచ్ డిస్రప్ట్ అనే స్టార్టప్ పిచ్ పోటీల వీడియోలు తీసుకుని 189 కంపెనీల ప్రశ్నలూ జవాబులూ లెక్కగట్టింది. మగవాళ్ళని అడిగినవాటిలో 67 శాతం "ఎంత పెరుగుతారు" లాంటివి, ఆడవాళ్ళని అడిగినవాటిలో 66 శాతం "నష్టం రాకుండా ఎలా చూసుకుంటారు" లాంటివి. అడిగే ఇన్వెస్టర్ ఆడమనిషైనా అంతే, అది చదివి నాకైతే నవ్వొచ్చింది. నష్టం గురించి అడిగితే నష్టం గురించే జవాబిచ్చుకుంటూ పోయినవాళ్ళ కంటే, దాన్ని పెరుగుదల వైపు తిప్పినవాళ్ళకి చాలా రెట్లు ఎక్కువ డబ్బొచ్చింది.

ఆ తిప్పడానికి పనికొచ్చేది మీరు ముందు చెప్పిన కథే. నన్ను ప్రతిచోటా అడిగేవారు, "వాన పడని ఏడాది మీ డ్రయ్యర్లు ఎవరు తీసుకుంటారు?" అని. "లేదండీ, రిస్క్ తక్కువే" అని మొదలుపెడితే ఇక అక్కడే గుంజాటన. దానికి బదులు మళ్ళీ అదే కల్లంలోకి తీసుకెళ్తా: వాన లేకపోయినా కాయ రెండు వారాలు దుమ్ములో పడి ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ కొనేవాళ్ళు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) టెస్ట్ చేయిస్తారు, శుభ్రంగా ఎండిన సరుక్కి అక్కడ డిమాండ్ వేరు, ఇదే కల్లం ఖమ్మంలోనూ ఉంది, వరంగల్‌లోనూ ఉంది, కర్ణాటకలో బ్యాడగి వైపూ ఉంది, మిర్చి ఒక్కటే కాదు, దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు కూడా ఉంది. ప్రశ్న నష్టం గురించి వచ్చింది, జవాబు మార్కెట్ సైజ్‌తో ముగిసింది. దీన్ని మాత్రం బాగా ప్రాక్టీస్ చేయండి, అక్కడికక్కడ తట్టదు.

ఇంకో చికాకు ఉంది. డ్రయ్యర్ డిజైన్ నాది, అకౌంట్లు చూసేది మా పార్ట్‌నర్, అయినా ఫ్యాన్ గురించో సోలార్ ప్యానెల్ గురించో ప్రశ్న వస్తే ఆయన వైపు తిరిగి అడిగేవారు. అందుకని డిజైన్‌ని కథలోనే కలిపేశా, "ఆ సీజన్ తర్వాత మొదటి డ్రయ్యర్ నేనే గీసి వెల్డింగ్ షాపులో కూర్చుని చేయించా, ట్రేల మధ్య గాలి ఆడక పైకాయ ఎండి కిందకాయ బూజు పట్టింది, అందుకే ఫ్యాన్ పక్కకి మార్చా" అని. అంత వివరం చెప్పాక టెక్నికల్ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పార్ట్‌నర్‌కి కూడా ముందే చెప్పి పెట్టుకోండి, అలాంటి ప్రశ్న వస్తే "అది మేడమే చెప్పాలి" అని ఊరుకోమని. పిల్లల గురించి అడిగేవాళ్ళు కూడా తగులుతారు, "ఇంట్లో ఏర్పాటు ఉందండీ" అని ఒక్క ముక్కతో తేల్చేసి స్లైడ్ మార్చేయండి, సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చోవద్దు.

కాన్వా అనే డిజైన్ యాప్ పెట్టిన మెలనీ పెర్కిన్స్‌ని వందమందికి పైగా ఇన్వెస్టర్లు కాదన్నారు. తర్వాత ఆవిడ పిచ్ స్లైడ్లలో సమస్యని ముందుకి తెచ్చింది, డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఏ బటన్ నొక్కాలో తెలీక తికమక పడటం అందరికీ తెలిసిన బాధే కదా. పెర్త్‌లో స్టూడెంట్లకి ఆ సాఫ్ట్‌వేర్లు నేర్పించేటప్పుడు కళ్ళారా చూసిందే అది. రెండో వైపు థెరానోస్ అనే రక్తపరీక్షల కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ ఉంది, దగ్గరి బంధువుకి జబ్బు, తనకి సూదంటే భయం, కథ బ్రహ్మాండం, మెషిన్ పని చేయలేదు, 2022లో ఇన్వెస్టర్లని మోసం చేసిన కేసులో దోషి అని తేలింది. కాబట్టి కథలో ప్రతి ముక్కకీ మీ దగ్గర బిల్లో, ఫోటోనో, కస్టమర్ ఫోన్ నంబరో ఉండాలి, డబ్బు పెట్టే ముందు చేసే తనిఖీలో (డ్యూ డిలిజెన్స్) ఎలాగూ అడుగుతారు.

చివరిగా, ఇంగ్లీషులో రాసుకుని బట్టీ పట్టకండి. ముందు తెలుగులో, ఈ వ్యాపారం తెలీని మీ పిన్నికో పక్కింటావిడకో చెప్పండి, వాళ్ళు మధ్యలో "అయ్యో, మరి ఏం చేశారు" అని అడిగిన చోటు గుర్తు పెట్టుకోండి, ఫోన్ చూసుకున్న చోటు కొట్టేయండి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుని, హైదరాబాదులో ఉంటే వీ హబ్ వాళ్ళని అడిగి చూడండి, ఆడ ఫౌండర్ల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టింది. అక్కడ ఎవరైనా మెంటర్‌ని కూర్చోబెట్టి కావాలని అడ్డం తిరిగే ప్రశ్నలే వేయమనండి. కథ రెండు నిమిషాలు దాటితే కోసేయండి, మిగతా టైమంతా ప్రశ్నలకి కావాలి.