మీ ప్రశ్నలు – మా జవాబులు: ముల్తాన్ దివాన్ సంగతి

ప్రశ్న: పంజాబ్‌ని ఏలిన మహారాజు రంజిత్ సింగ్ గురించి ఏం చదివినా యుద్ధాలు, ఫిరంగులు, కోహినూరు, అంతే. గెలిచిన ఊళ్ళని ఆ తర్వాత రోజూ నడిపిందెవరు? ఒక్క గవర్నరు గురించైనా కాస్త వివరంగా చెప్పండి. (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: మంచి ప్రశ్న అండీ. అయితే ముల్తాన్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) దివాన్, అంటే గవర్నరు, సావన్ మల్ గురించి చెప్తాను. ఈయన కత్తి పట్టి పైకొచ్చిన మనిషి కాదు, లెక్కల పుస్తకం పట్టి పైకొచ్చాడు. పంజాబ్‌లోని అకాల్‌గఢ్‌కి చెందిన ఖత్రీ కుటుంబం, అంటే హిందువులే. 1818లో రంజిత్ సింగ్ సైన్యం ముల్తాన్ కోటని నవాబు ముజఫర్ ఖాన్ దగ్గర్నుంచి గెలుచుకుంది. కానీ ఆ తర్వాత వచ్చిన అధికారులెవరూ అక్కడ నిలదొక్కుకోలేదు, ఒకరి తర్వాత ఒకరు మూడునాళ్ళ ముచ్చటగా వెళ్ళిపోయారు. అక్కడే లెక్కల పెద్దగా పనిచేస్తున్న సావన్ మల్‌కి 1821లో పగ్గాలొచ్చాయి. 1844లో చనిపోయేదాకా, అంటే 23 ఏళ్ళు, ఆయనే.

ఆ ఊరి గురించి పాత పారశీక సామెత ఒకటుంది: ముల్తాన్ ఇచ్చే కానుకలు నాలుగు, దుమ్ము, ఎండ, బిచ్చగాళ్ళు, సమాధులు. వాన దాదాపు లేని చోటు కాబట్టి పంటంతా కాలువల మీదే. ఈ కాలువల్ని మన గోదావరి కాలువల్లా ఊహించుకోకండి, వీటికి ఆనకట్ట లేదు. ఎండాకాలంలో నది పొంగినప్పుడు నీళ్ళు వాటంతట అవే కాలువలోకి వస్తాయి, వెళ్ళేటప్పుడు బోలెడు ఒండ్రు వదిలి వెళ్తాయి. చలికాలంలో ఆ పూడిక తీయకపోతే మరుసటి ఏడు చేను ఎండాల్సిందే. తీసేదెవరు? రైతులే, పొలాన్ని బట్టి ఇంతమంది కూలీల్ని పంపాలి. దాన్ని అక్కడ ‘ఛేర్’ అనేవాళ్ళు. వెట్టికి దగ్గరగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ సావన్ మల్ పాత కాలువల్ని బాగుచేయించి, కొత్తవి తవ్వించి, బయటి నుంచి రైతుల్ని రప్పించి బీడు దున్నించాడు. బావి తవ్వుకున్నవాడికి శిస్తు ఇంత అని ముందే ఖాయం చేసి పట్టాలిచ్చాడు. ‘దివాన్‌వాహ్’ అనే కాలువ పేరు ఆయన మీద వచ్చిందే, వాహ్ అంటే అక్కడి మాటలో కాలువ.

ఇదంతా దయ అనుకునేరు! రాజధాని లాహోరుకి ఏటా ఇంత అని కట్టాక మిగిలింది దివాన్‌దే. చేను పండితే ఖజానా నిండుతుంది, ఖజానా నిండితే తన ఇల్లూ నిండుతుంది, అదీ లెక్క. ఆయన పోయేనాటికి బాగానే కూడబెట్టాడు కూడా.

న్యాయం గురించి మాత్రం ఒక కథ చెప్పుకుంటారు. ఎవరో పెద్దమనిషి గుర్రాన్ని వదిలి పైరు మేపించాడని ఒక రైతు మొరపెట్టుకున్నాడట. ఈ దర్బారులో ఉన్నాడా, చూపించు అంటే రైతు వేలు వెళ్ళి దివాన్ కొడుకు రామ్‌దాస్ మీద ఆగింది. కుర్రాడు తప్పు ఒప్పుకున్నాడు, తండ్రి ఖైదు అన్నాడు, రైతే భయపడి వదిలెయ్యమని బతిమాలాడు. రామ్‌దాస్ బయటికొచ్చాడు గానీ ఆ అవమానంతో మంచం పట్టి కొన్నాళ్ళకే పోయాడట. అందులో పెంచి చెప్పింది కొంత ఉండొచ్చు, అయినా ఒక గవర్నరు గురించి జనం ఇలాంటి కథ చెప్పుకోవడమే నాకు ఆసక్తిగా ఉంటుంది.

ప్రశ్న: మరి ఆయన కొడుకు మూల్‌రాజ్ తిరుగుబాటు ఎందుకు చేశాడు? (అదే పాఠకురాలు)

జవాబు: 1844 సెప్టెంబర్‌లో నేరం మీద పట్టుబడ్డ ఒకడు సావన్ మల్‌ని కాల్చాడు. గాయం మానుతుందనుకున్నారు, మానలేదు, 29న పోయాడు. రంజిత్ సింగ్ అప్పటికి అయిదేళ్ళ కిందటే పోయాడు, లాహోరు దర్బారులో ఒకరినొకరు చంపుకుంటున్నారు. మూల్‌రాజ్‌కి పదవి కావాలంటే కోటి రూపాయల నజరానా కట్టమన్నారు, బేరమాడగా 18 లక్షలకి దిగింది. 1846లో మొదటి సిక్కు యుద్ధం ఓడిపోయాక లాహోరులో ఇంగ్లీషువాళ్ళ మాట నడవడం మొదలైంది. మూల్‌రాజ్ కింద ఉన్న ఝంగ్ ప్రాంతం చేజారింది, సుంకాల రాబడి పడిపోయింది, ఆయన తీర్పుల మీద లాహోరుకి అప్పీలు చేసుకోవచ్చన్నారు. తండ్రికున్న అధికారం కొడుక్కి లేదు, కట్టాల్సిన డబ్బు మాత్రం తగ్గలేదు! విసిగిపోయి 1847 చివర్లో రాజీనామా ఇచ్చాడు. 1848 ఏప్రిల్‌లో కొత్త గవర్నరుని వెంటబెట్టుకుని బాధ్యతలు తీసుకోవడానికి వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, ఆగ్న్యూ, ఆండర్సన్, ముల్తాన్‌లో హత్యకి గురయ్యారు. మూల్‌రాజ్ తిరగబడ్డవాళ్ళ వైపే నిలిచాడు, ఆ నిప్పే రెండో సిక్కు యుద్ధమైంది. 1849 జనవరి 22న మూల్‌రాజ్ లొంగిపోయాడు, మార్చి 29కల్లా పంజాబ్ మొత్తం ఈస్టిండియా కంపెనీది. మూల్‌రాజ్‌కి ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని ప్రవాస శిక్షగా మార్చారు. 1851లో ఖైదీగానే పోయాడు.

ప్రశ్న: సిక్కుల రాజ్యం కదా, గవర్నర్లు హిందువులేంటి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: అందరూ ఉన్నారండీ. ఖైబర్ కనుమ దగ్గరి జమ్రూద్‌లో చనిపోయిన హరి సింగ్ నల్వా సిక్కు, కాశ్మీరు చూసిన షేక్ గులాం మొహియుద్దీన్ ముస్లిం. పెషావరులో ఉరికొయ్యలతో జనాన్ని గడగడలాడించిన అవితబిలే అయితే ఏకంగా ఇటలీవాడు. ఆయన గురించి వచ్చే సంచికలో.