మార్కెటింగ్ చదివే అమ్మాయికి కోడింగ్ ఎంతవరకు అవసరం?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చేసి, ఇప్పుడు ఎంబీఏ మార్కెటింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థలు మార్కెటింగ్ ఉద్యోగాలకు కూడా ఎస్‌క్యూఎల్, పైథాన్ వంటి కోడింగ్ భాషలు వచ్చా అని అడుగుతున్నాయట. లెక్కలన్నా కోడింగన్నా భయపడబట్టే ఈ దారి ఎంచుకున్నానని, ఇప్పుడు ఇక్కడా అదే ఎదురైందని దిగులు పడుతోంది. అమీర్‌పేటలో ఆరు నెలల ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు. చేర్చమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఫుల్‌స్టాక్ కోర్సు వద్దండి. అది వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణ. మీ అమ్మాయి చేయబోయే పని వేరు. అలాగని కోడింగ్ జోలికే వెళ్లొద్దని నేను చెప్పను. కొనుగోలుదారుల గురించి తనకు వచ్చిన సందేహానికి తానే సమాధానం వెతుక్కోగలదా అన్నది ఆ సంస్థలు తెలుసుకోవాలనుకుంటున్నాయి. అందుకు కావలసిన కోడింగ్ తక్కువే. దానివల్ల కలిగే మేలు మాత్రం చాలా ఎక్కువ.

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక దుకాణం శ్రావణ మాసానికి ఇన్‌స్టాగ్రామ్‌లోనూ గూగుల్‌లోనూ ప్రకటనలు ఇచ్చిందనుకుందాం. ఒకావిడ సోమవారం ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నొక్కి చీర చూసింది, కొనలేదు. గురువారం గూగుల్‌లో ఆ దుకాణం పేరు వెతికి, అక్కడ కనిపించిన ప్రకటన ద్వారా వచ్చి కొన్నది. ఈ అమ్మకం ఎవరి వల్ల జరిగినట్టు? సెట్టింగులు మార్చకపోతే, ప్రకటన నొక్కిన 7 రోజుల్లోపు జరిగిన కొనుగోలును ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థ తన లెక్కలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్‌లో ఆ గడువు 30 రోజులు. అంటే ఒకే చీర రెండు చోట్లా అమ్ముడైనట్టు కనిపిస్తుంది. నెలాఖరులో ఆ రెండు సంస్థలూ లెక్కలు చూపించే తెరల్లోని (డాష్‌బోర్డుల్లోని) అంకెలు కూడితే వచ్చే మొత్తం దుకాణం అసలు అమ్మకాలకంటే ఎక్కువగా తేలుతుంది. వచ్చే నెల డబ్బు ఎక్కడ పెట్టాలో వీటిని చూసి తేల్చలేం. దుకాణం సొంత ఆర్డర్ల పట్టికను, ఎవరు ఏ ప్రకటన ద్వారా ఎప్పుడు వచ్చారో చెప్పే పట్టికను కలిపి చూడాలి. పట్టికల్లోంచి కావలసిన వివరాలు అడిగి రాబట్టే భాష ఎస్‌క్యూఎల్. ఆ కలపడాన్నే అందులో జాయిన్ అంటారు. రాయవలసింది పది పన్నెండు వరుసలు.

ఆ వరుసలు రాయగలిగితే అసలు విషయం అప్పుడు మొదలవుతుంది. శ్రావణంలో మొదటిసారి కొన్నవారిలో దసరాకు మళ్లీ వచ్చినవారెవరు? తగ్గింపు ధర చూసి వచ్చినవారు తిరిగి వస్తున్నారా? పట్టుచీర కొన్నవారు తర్వాత ఏం కొంటున్నారు? ఇలాంటి ప్రశ్నలు మార్కెటింగ్ చదివినవారికే తోస్తాయి. ప్రతిదాన్నీ డేటా విభాగానికి పంపి, రోజుల తరబడి వేచి చూస్తే మొదటి ప్రశ్నకు జవాబు రావచ్చు. ఆ జవాబు చూశాక పుట్టే రెండో ప్రశ్న మాత్రం అడగకుండానే ఉండిపోతుంది. మంచి నిర్ణయాలు చాలావరకు ఆ రెండో ప్రశ్నలోనే ఉంటాయి. నేను నేర్చుకోమనడానికి ప్రధాన కారణం ఇదే.

ఎక్సెల్ చాలదా అంటారేమో. చిన్న వ్యాపారానికి చాలు, అది బాగా రావడం కూడా తక్కువ విషయమేమీ కాదు. అయితే ఒక షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. వెబ్‌సైట్‌లో ప్రతి క్లిక్కూ ఒక వరుసగా నమోదవుతుంటే కాస్త పెద్ద సంస్థకు ఆ హద్దు దాటడం ఎంతసేపు!

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ కొద్దిగా తెలిస్తే ఇంకో లాభం ఉంది. కొనుగోలు పూర్తయ్యాక వచ్చే ధన్యవాదాల పేజీలో లెక్క నమోదుచేసే చిన్న కోడ్ ఉంటుంది. ఆర్డర్‌కు విడి నంబరు పంపకుండా దాన్ని అమర్చితే, ఎవరైనా ఆ పేజీని రీఫ్రెష్ చేసినప్పుడు అదే అమ్మకం మళ్లీ నమోదయ్యే ప్రమాదం ఉంది. అమ్మకాలు పెరిగాయని అందరూ సంతోషిస్తుంటే, పేజీ వెనక ఏం జరుగుతోందో చూపే డెవలపర్ టూల్స్‌ను బ్రౌజర్‌లో తెరిచి కారణం కనిపెట్టగలిగేవారు ఒకరైనా ఆ బృందంలో ఉండాలి. మెయిల్ ప్రచారాల్లోనూ ఇంతే. సందేశం హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని దాచేస్తుంది.

ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాసిపెడుతుంది కదా అన్న అనుమానం మీ అమ్మాయికీ వచ్చి ఉంటుంది. రాసిపెడుతుంది, వాడుకోమనే చెబుతాను. కానీ ఒక కొనుగోలుదారుకు 3 ఆర్డర్లు, 2 క్లిక్కులు ఉన్నాయనుకోండి. రెండు పట్టికలనూ ఆమె ఫోన్ నంబరు ఆధారంగా నేరుగా కలిపితే 6 వరుసలు వస్తాయి. మొత్తం కూడితే ఆమె కొన్నదానికి రెట్టింపు సొమ్ము కనిపిస్తుంది. కంప్యూటర్ ఏ తప్పూ చూపించదు. అంకె చూసి ఇది కుదరదని పట్టుకోగలగాలంటే జాయిన్ ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. ఆ అంకెను నమ్మి లక్షల రూపాయలు ఖర్చుపెట్టే సమావేశంలో జవాబు చెప్పవలసింది మీ అమ్మాయి, ఏఐ కాదు.

లెక్కల భయం గురించి ధైర్యం చెప్పండి. ఈ పనికి కలనగణితం అక్కర్లేదు. శాతాలు, సగటులు, నిష్పత్తులు కావాలి. బీకాం చేసిన అమ్మాయికి అవి కొత్తవి కావు. జమాఖర్చుల పట్టిక చదవగలిగినవారికి ఎస్‌క్యూఎల్ త్వరగా పట్టుబడటం నేను చాలామందిలో చూశాను. రెండు ప్రకటనల్లో ఏది మెరుగో పోల్చేటప్పుడు తేడా నిజమా, యాదృచ్ఛికమా అని తేల్చేపాటి గణాంకశాస్త్రం మాత్రం శ్రద్ధగా చదవాలి. అది ఎంబీఏ పాఠాల్లో ఎలాగూ ఉంటుంది.

మొదట ఎస్‌క్యూఎల్ ఒక్కటే పట్టుకోమనండి. రోజుకో గంట చొప్పున రెండు మూడు నెలలు కూర్చుంటే చాలు. పెద్ద పట్టికల మీద ఎస్‌క్యూఎల్ నడిపే ఆన్‌లైన్ సేవ గూగుల్ బిగ్‌క్వెరీలో శాండ్‌బాక్స్ అనే ఉచిత సదుపాయం ఉంది, క్రెడిట్ కార్డు అడగదు. గూగుల్ సొంత వస్తువుల ఆన్‌లైన్ దుకాణానికి సంబంధించి 2020 నవంబరు నుంచి 2021 జనవరి వరకు నమోదైన సందర్శనలు, కొనుగోళ్ల వివరాలను గుర్తింపులు తెలియకుండా మార్చి అక్కడ అందరికీ అందుబాటులో ఉంచారు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఉదాహరణలకంటే ఇది ఎంతో మేలు. ఆ తర్వాత హెచ్‌టీఎంఎల్. పైథాన్‌ను ఉద్యోగంలో చేరాక, అవసరాన్ని బట్టి నేర్చుకోవచ్చు. ఇంగ్లిష్ వీడియోలు ఇబ్బందిగా ఉంటే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ కొన్ని తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. కోర్సుకు కట్టాలనుకున్న డబ్బును ప్రస్తుతానికి అలాగే ఉంచండి.

ఒక్క విషయంలో మాత్రం ఆమెను హెచ్చరించాలి. కోడింగ్ మోజులో పడి దుకాణాలకు వెళ్లడం, కొనేవారితో మాట్లాడటం, నాలుగు వాక్యాల్లో మనసుకు హత్తుకునే ప్రకటన రాయడం పక్కన పెట్టకూడదు. పట్టికలో లేని కారణాలు మనుషుల మాటల్లో దొరుకుతాయి.

ఇంటర్వ్యూకు వెళ్లేలోపు ఒక చిన్న పని పూర్తిచేయమనండి. ఆ గూగుల్ దుకాణం వివరాలు తీసుకుని, బుట్టలో వస్తువు వేసి కొనకుండా వెళ్లిపోయినవారు ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చారు వంటి ఒక ప్రశ్నకు జవాబు వెతికి, రెండు పేజీల్లో రాయాలి. మీకు తెలిసిన వ్యాపారి ఎవరైనా తమ అమ్మకాల వివరాలు ఇస్తే ఇంకా మంచిది. అయితే ఆయన అనుమతి తీసుకుని, కొనుగోలుదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసిన తర్వాతే ఆమె చేతికి రావాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన దేశంలో చట్టం కూడా వచ్చింది. రెజ్యూమేలో ‘ఎస్‌క్యూఎల్ వచ్చు’ అని రాసే బదులు తాను వెతికిన ప్రశ్న, దొరికిన జవాబు, దాన్నిబట్టి వ్యాపారి ఏం మార్చుకోవాలో మూడు వాక్యాల్లో రాయమనండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.